తలకు పది కుట్లు స్వల్పం, పన్ను విరిగితే తీవ్రం

కింగ్ జార్జి ఆస్పత్రి క్యాజువాలిటీకి కొట్లాట కేసో, రోడ్డు ప్రమాదం కేసో వచ్చినప్పుడు బంధువులు మొదట అడిగేది ప్రాణభయం ఉందా అని. ఆ భయం తీరాక అడిగే ప్రశ్న వేరు: "డాక్టరుగారు సింపుల్ రాశారా, గ్రీవియస్ రాశారా?" స్వల్పగాయమా, తీవ్రగాయమా అని. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఈ రెండు మాటలను తడుముకోకుండా పలుకుతారు. కేసు ఏ సెక్షన్ కింద నడుస్తుంది, పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయగలరా, శిక్ష ఏడాదా ఏడేళ్లా, కొన్ని సందర్భాల్లో పరిహారం వస్తుందా రాదా అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి. విశాఖపట్నంలోనే కాదు, ఏ ప్రభుత్వాసుపత్రి వరండాలో నిలబడినా ఇదే ప్రశ్న వినిపిస్తుంది.

ఇంత పని చేసే మాటను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటున్నారన్నదే నా బాధ. పొద్దున పత్రికలో 'తీవ్రంగా గాయపడ్డారు' అని చదువుతారు. మధ్యాహ్నం డాక్టరు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్టులో 'సింపుల్' అని చూస్తారు. సాయంత్రానికి డాక్టరు అవతలివాళ్లకు అమ్ముడుపోయాడని తీర్మానించేస్తారు. వార్త రాసిన విలేకరి దృష్టిలో తీవ్రత వేరు, చట్టం లెక్కలో తీవ్రత వేరు అన్న సంగతి వాళ్లకు చెప్పేవారు ఉండరు. ఆ తేడా తెలియాలంటే గ్రీవియస్ అనే ఆ ఇంగ్లీషు మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా వాడతారో, మన చట్టంలోకి వచ్చాక దానికి ఏమైందో వరసగా చూడాలి.

ఆ మాట అసలు రూపం గ్రీవస్. మధ్యలో ఒక 'ఇ' చేర్చి గ్రీవియస్ అనడం మన కోర్టు ఆవరణల్లో స్థిరపడిపోయింది. ఇది మనవాళ్ల పొరపాటు మాత్రమే అనుకోనక్కర్లేదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిలో కూడా సీరియస్, ప్రీవియస్ లాంటి మాటల వరసలో కలిపేసి దీన్ని అలాగే పలికేవారు ఉన్నారు. ప్రామాణిక భాషలో మాత్రం అది చెల్లదు. గ్రీవస్‌కు చివర 'లీ' చేరితే క్రియావిశేషణం: గ్రీవస్లీ. ఒక పని లేదా దెబ్బ ఎంత భారంగా తగిలిందో చెప్పే మాట అది.

భారంగా అన్నది ఊరికే వాడలేదు. లాటిన్‌లో గ్రావిస్ అంటే బరువైనది. గ్రవారే అంటే బరువు మోపడం. ఆ క్రియ పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి బాధపెట్టడం, నలిపివేయడం అనే అర్థాలు తెచ్చుకుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లో, దర్బారులో ఫ్రెంచి పెత్తనం సాగింది కాబట్టి చట్టానికీ బాధకూ సంబంధించిన ఎన్నో మాటలు ఆ దారినే ఇంగ్లీషులోకి చేరాయి. గ్రీవస్, గ్రీవస్లీ రెండూ 1300 ప్రాంతం నుంచీ ఇంగ్లీషు రాతల్లో ఉన్నాయి. దుఃఖం అనే అర్థమున్న గ్రీఫ్, భూమ్యాకర్షణకు వాడే గ్రావిటీ, ఉన్న బాధను ఇంకా పెంచడమనే అగ్రవేట్ దీనికి తోబుట్టువులు. సోమవారం కలెక్టరేటుకు అర్జీ పట్టుకుని వెళ్లేవాళ్లు 'గ్రీవెన్స్‌కు వెళ్తున్నాం' అంటారు కదా, ఆ గ్రీవెన్స్ కూడా ఈ ఇంటిదే. మోయలేని బరువును దించుకోవడానికి వెళ్లే చోటు. సమాధి అనే అర్థంలో వాడే గ్రేవ్ మాత్రం చూడటానికి ఇలాగే ఉన్నా ఈ కుటుంబానికి చెందదు. అది తవ్వడం అనే అర్థం నుంచి వచ్చిన పాత ఇంగ్లీషు మాట.

తెలుగువారికి ఈ మాట దూరపు చుట్టమే. లాటిన్ గ్రావిస్, సంస్కృత గురు ఒకే మూలం నుంచి చీలిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు చాలాకాలం క్రితమే తేల్చారు. ఛందస్సు నేర్చుకున్నవారికి గురువు, లఘువు తెలుసు: బరువుగా పలికే అక్షరం గురువు, తేలికగా పలికేది లఘువు. గురుత్వాకర్షణలోనూ, గౌరవంలోనూ ఉన్నది ఆ గురువే. ఆ లెక్కన గ్రీవస్ హర్ట్ అంటే గురుతరమైన దెబ్బ అనుకుంటే మూలానికి బాగా దగ్గరగా ఉంటుంది. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ మాటలో కోత లేదు, రక్తం లేదు. ఉన్నది దెబ్బ తిన్నవాడు మోయాల్సిన భారం. గాయం ఎంత లోతు అన్నదాని కన్నా, అది మనిషి మీద ఎంతకాలం, ఎంత బరువుగా కూర్చుంటుంది అన్నదే దీని అసలు లెక్క. చట్టం ఈ మాటను ఎంచుకోవడం వెనుక ఆ తర్కమే కనిపిస్తుంది.

మామూలు ఇంగ్లీషులో గ్రీవస్లీ కాస్త పెద్దమనిషి తరహా మాట. రోజువారీ వార్తల్లో సీరియస్లీ, సివియర్లీ ఎక్కువ వాడతారు. గ్రీవస్లీ అనగానే లాంఛనం, కొంత శోకం కలిసి వస్తాయి. శరీరానికి తగిలిన దెబ్బకే కాదు, ఒకరికి ఘోరమైన అన్యాయం జరిగిందని చెప్పడానికీ, ఎవరైనా ఘోరంగా పొరబడ్డారని చెప్పడానికీ వాడతారు. మంచి విషయానికి మాత్రం ఎప్పుడూ వాడరు. మన 'తీవ్రంగా' అలా కాదు. ఎండ తీవ్రంగా ఉంటుంది, నాయకులు తీవ్రంగా ఖండిస్తారు, విద్యార్థులు తీవ్రంగా శ్రమిస్తారు, లారీ ఢీకొని ఒకరు తీవ్రంగా గాయపడతారు. ఈ నాలుగింటిలో చివరిదానికే గ్రీవస్లీ సరిపోతుంది. నన్నడిగితే 'ఘోరంగా' దానికి ఇంకా దగ్గర. కానీ పత్రికల్లో 'తీవ్రంగా' పాతుకుపోయింది, ఇక కదలదు.

దీని పక్కనే తిరిగే రెండు మాటల తేడా తెలియకపోతే పెద్ద తప్పులే జరుగుతాయి. ఫేటల్లీ అంటే మనిషి చనిపోయాడని అర్థం. ప్రమాదకర స్థితిలో చికిత్స పొందుతున్నవాడికి దాన్ని వాడితే బతికున్నవాణ్ణి చంపినట్టే. మార్టల్లీ అన్నా చావుకు దారితీసే దెబ్బే. గ్రీవస్లీ అన్నప్పుడు మనిషి బతికే ఉన్నాడు, భారం మోస్తున్నాడు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. మన శిక్షాస్మృతి హార్మ్, హర్ట్, ఇంజ్యురీ అనే మూడు మాటలను మూడు వేర్వేరు కొలతలుగా వాడుతుంది. మామూలు సంభాషణలో మూడింటినీ కలిపేస్తాం, చట్టంలో అలా కుదరదు. హార్మ్ అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, ఏ రకమైన హాని అయినా అందులోకి వస్తుంది. హర్ట్ పాత ఫ్రెంచిలో పొడవడం, ఢీకొట్టడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. ఇంజ్యురీ మూలం ఇంకా ఆసక్తికరం. లాటిన్‌లో యూస్ అంటే న్యాయం, హక్కు. దానికి ముందు లేమిని చెప్పే 'ఇన్' చేరితే న్యాయం కానిది. అంటే ఇంజ్యురీ మొదటి అర్థం గాయం కాదు, అన్యాయం. మన చట్టం ఆ పాత అర్థాన్ని చక్కగా నిలబెట్టుకుంది: ఒక వ్యక్తి శరీరానికి, మనసుకు, ప్రతిష్ఠకు లేదా ఆస్తికి చట్టవిరుద్ధంగా కలిగించిన ఏ హాని అయినా ఇంజ్యురీయే. పరువు తీసినా, పంట తగలబెట్టినా ఇంజ్యురీ జరిగినట్టే, ఒంటి మీద గీత పడకపోయినా సరే.

ఈ మాట నుంచి పుట్టిన క్రియావిశేషణం ఇంజ్యూరియస్లీ. ఇది భూసేకరణ చట్టంలో నేటికీ ఉంది. భూమిలో కొంత భాగాన్ని ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఆ సేకరణ వల్ల యజమానికి మిగిలిన ఆస్తి మీదో, సంపాదన మీదో హానికరమైన ప్రభావం పడితే ఆ నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కకట్టాలని 1894 నాటి చట్టం చెప్పింది. 2013 నాటి కొత్త చట్టం కూడా ఆ వాక్యాన్ని నిలుపుకుంది. ఉక్కు కర్మాగారానికీ, రేవులకూ, రహదారులకూ భూములిచ్చిన ఈ జిల్లాలో ఆ ఒక్క క్రియావిశేషణం ఎంత విలువైనదో వేరే చెప్పాలా? పోయిన ఎకరానికి మాత్రమే డబ్బు అడిగి, దారి మూసుకుపోయిన మిగతా అరెకరం సంగతి అడగకుండా వచ్చేవాళ్లు ఇది చదవాలి.

హర్ట్‌కు చట్టం ఇచ్చిన నిర్వచనం ఒక్క వాక్యం. ఒక వ్యక్తికి శారీరక నొప్పి, వ్యాధి లేదా అశక్తత కలిగించడం. దీన్ని తెలుగులో గాయం అనగానే ఒక చిక్కు వచ్చిపడుతుంది. గాయం అంటే మన మనసులో చర్మం తెగాలి, నెత్తురు రావాలి. చట్టానికి అవి అక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు కళ్లు మండి, ఊపిరాడక బయటికి పరుగెత్తారు, రోడ్ల మీదే కుప్పకూలారు. పన్నెండు మంది చనిపోయారు, వందల మందిని ఆస్పత్రుల్లో చేర్చారు. వాళ్లలో ఎందరికి ఒంటి మీద గాటు ఉంది? అయినా పోలీసులు పెట్టిన కేసులో పాత శిక్షాస్మృతి 337, 338 సెక్షన్లు ఉన్నాయి. నిర్లక్ష్యంతో హర్ట్ కలిగించడం మొదటిది, గ్రీవస్ హర్ట్ కలిగించడం రెండోది. విషవాయువు వల్ల వచ్చిన ఊపిరితిత్తుల బాధ కూడా చట్టం దృష్టిలో హర్టే.

అదే కేసులో 278 సెక్షన్ కూడా ఉంది. జనం ఆరోగ్యానికి నాక్షస్‌గా, అంటే హానికరంగా గాలిని పాడుచేయడం ఆ నేరం. నాక్షస్ అనే మాట లాటిన్‌లో హాని చేయడమనే నొకేరే నుంచి వచ్చింది. నిర్దోషి అనే అర్థమున్న ఇన్నొసెంట్ కూడా దాని నుంచే వచ్చింది, అంటే హాని చేయనివాడు. న్యూసెన్స్ కూడా అదే వంశం. 278 కింద శిక్ష ఎంతో తెలుసా? గరిష్ఠంగా ఐదు వందల రూపాయల జరిమానా, అంతే. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 280వ సెక్షన్ అయింది, జరిమానా వెయ్యి రూపాయలకు పెరిగింది. కర్మాగారాల నడుమ ఊపిరి పీల్చే నగరంలో బతుకుతూ ఆ అంకెను చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని దాచుకోవాల్సిన అవసరం ఉందని నేను అనుకోను.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఏ హర్ట్ గ్రీవస్ అవుతుంది?

1830లలో మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడే ఈ ప్రశ్న వచ్చింది. చిన్న దెబ్బకూ పెద్ద దెబ్బకూ మధ్య కచ్చితమైన గీత గీయడం అసాధ్యమని వాళ్లు తమ వివరణలో ఒప్పుకున్నారు. కానీ హత్యకు దగ్గరగా వెళ్లిన నేరాన్నీ, చిలిపి చేష్టతో సమానమైన దాన్నీ ఒకే గాటన కట్టడం కన్నా మోటుగానైనా ఒక గీత గీయడమే మేలన్నారు. ఆ మోటు గీతే 1860లో చట్టమైన శిక్షాస్మృతి 320వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో అది 116వ సెక్షన్. అందులో ఎనిమిది రకాలున్నాయి. పురుషత్వం పోగొట్టడం. ఏ ఒక్క కంటి చూపైనా శాశ్వతంగా పోవడం. ఏ ఒక్క చెవి వినికిడైనా శాశ్వతంగా పోవడం. అవయవాన్నో కీలునో కోల్పోవడం. దాని శక్తి నశించడం లేదా శాశ్వతంగా దెబ్బతినడం. తల లేదా ముఖం శాశ్వతంగా వికృతం కావడం. ఎముక లేదా పన్ను విరగడం, లేదా స్థానం తప్పడం. చివరిది, ప్రాణానికి ముప్పు తెచ్చినది గానీ, పదిహేను రోజుల పాటు తీవ్రమైన శారీరక నొప్పితో బాధపెట్టినది గానీ, అన్ని రోజులూ దెబ్బ తిన్నవాణ్ణి తన మామూలు పనులు చేసుకోలేని స్థితిలో పడేసినది గానీ.

దెబ్బ గ్రీవస్ కావాలంటే ఈ ఎనిమిదింటిలో ఒకటి కావాలి. లేకపోతే ఎంత భయంకరంగా కనిపించినా అది సింపులే. చట్టంలో సింపుల్ హర్ట్ అనే మాటే లేదు. గ్రీవస్ కానిదాన్ని అలా పిలవడం ఆస్పత్రుల్లో, స్టేషన్లలో వచ్చిన అలవాటు.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం దగ్గర ఇద్దరి మధ్య తగాదా వచ్చిందనుకుందాం. ఒకడు రెండోవాణ్ణి ఇనుప బకెట్టుతో నెత్తి మీద కొట్టాడు. మాడు మీద చర్మం చీలింది, చొక్కా నెత్తుటితో తడిసింది, పది కుట్లు పడ్డాయి. నెత్తి మీద చర్మానికి రక్తసరఫరా ఎక్కువ, చిన్న చీలికకే నెత్తురు ధారకడుతుంది. ఎక్స్‌రేలో కపాలానికి ఏమీ కాలేదు, వారం రోజులకు కుట్లు విప్పారు, ఎనిమిదో రోజున అతను మళ్లీ హార్బర్‌కు వెళ్లాడు. ఇది సింపుల్. ఆ తగాదాలోనే దెబ్బ తిన్నవాడు తిరగబడి ఒక గుద్దు గుద్దాడు. కొట్టినవాడి ముందు పన్ను సగానికి విరిగింది. నెత్తురు నాలుగు చుక్కలు, కుట్లు లేవు, ఆస్పత్రిలో ఉండాల్సిన పనీ లేదు. ఇది గ్రీవస్, ఏడో రకం. చూసినవాళ్లంతా మొదటివాడే ఘోరంగా దెబ్బతిన్నాడంటారు. వాళ్లు చూసింది నిజమే. కానీ పుర్రె మీద చర్మం అతుక్కుంటుంది, పన్ను మళ్లీ మొలవదు. చట్టం లెక్క శాశ్వతత్వం మీద, కాలం మీద నడుస్తుంది.

ఏడో రకం గురించి ఇంకో మాట. ఎముక రెండు ముక్కలైతేనే విరిగినట్టని చాలామంది అనుకుంటారు. ఆ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970లో హోరీలాల్ కేసులో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఎముక పూర్తిగా తెగాల్సిన పనిలేదు, పగులు ఉన్నా, చీలిక వచ్చినా అది ఫ్రాక్చరే. చిటికెన వేలి ఎముకలో వెంట్రుకవాసి పగులైనా లెక్కలోకి వస్తుంది. అందుకే ఎక్స్‌రే ఫిల్ముకు అంత ప్రాముఖ్యం.

ఎనిమిదో రకం దగ్గర జరిగే పొరపాట్లకు లెక్కలేదు. పాత చట్టంలో గడువు ఇరవై రోజులు. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతిలోనూ దెబ్బ తీవ్రతను కొలవడానికి ఇరవై రోజుల లెక్కే ఉండేది. కొత్త సంహిత దాన్ని పదిహేనుకు తగ్గించింది. 2024 జులై 1కి ముందు జరిగిన ఘటనలకు ఇప్పటికీ ఇరవై రోజుల లెక్కే వర్తిస్తుంది, విచారణ ఎప్పుడు జరిగినా సరే. ఇక ఆస్పత్రిలో అన్ని రోజులు మంచం మీద ఉంటే చాలు అనుకోవడం అసలు పొరపాటు. చట్టం అడిగేది ఆస్పత్రిలో ఎన్నాళ్లున్నారని కాదు, తీవ్రమైన నొప్పి ఎన్నాళ్లుందని, లేదా మామూలు పనులు ఎన్నాళ్లు చేసుకోలేకపోయారని. పదహారు రోజులు వార్డులో ఉండి, నడుస్తూ తిరుగుతూ ఉన్నట్టు కేసు షీటులో ఉంటే అది గ్రీవస్ అవుతుందన్న హామీ లేదు. మూడో రోజే డిశ్చార్జి అయినా, భుజం లేపలేక మూడు వారాలు పోర్టులో మూట మోయలేకపోయిన కలాసీ విషయంలో అది గ్రీవస్ కావచ్చు. ఈ క్లాజు కూలి మీద బతికేవాళ్లకు చాలా విలువైనది. దురదృష్టమేమిటంటే రుజువు కాగితాలు తక్కువగా ఉండేది కూడా వాళ్ల దగ్గరే.

ఇంగ్లండులో ఈ జాబితా లేదు. అక్కడ 1861 నాటి చట్టం గ్రీవస్ బాడిలీ హార్మ్ అంటుంది గానీ అదేమిటో నిర్వచించదు. హౌస్ ఆఫ్ లార్డ్స్ 1960లో స్మిత్ కేసులో చెప్పింది ఒక్కటే: గ్రీవస్ అంటే నిజంగా తీవ్రమైనది, అంతకు మించి అర్థం వెతకొద్దని. మిగతాది జ్యూరీ విజ్ఞతకు వదిలేసింది. వాళ్లది మనిషి తీర్పు మీద నమ్మకం, మనది రాసిపెట్టిన లెక్క మీద నమ్మకం. మోటుగా ఉన్నా మన పద్ధతే నాకు మెరుగనిపిస్తుంది. పన్ను విరిగిన కూలివాడికీ, పన్ను విరిగిన వ్యాపారికీ ఒకే సెక్షన్ వర్తిస్తుంది. ఎవరి బాధ ఎంత బరువని తూచే పని పోలీసు స్టేషనులో రైటరు చేతికి పోదు.

దెబ్బ గ్రీవస్ అయినంత మాత్రాన కొట్టినవాడి మీద ఆ నేరం రుజువైనట్టు కాదు. ఇక్కడ ఇంకో క్రియావిశేషణం వస్తుంది: వాలంటరిలీ. మామూలు అర్థంలో ఇష్టపూర్వకంగా అని. చట్టంలో దాని పరిధి పెద్దది. ఆ ఫలితాన్ని కోరి చేసినా, వచ్చే అవకాశం ఉందని తెలిసి చేసినా, తెలుసుకోవడానికి తగిన కారణం ఉండి చేసినా వాలంటరిలీయే. చట్టమే ఇచ్చిన ఉదాహరణ ఉంది: దోపిడీకి వీలుగా ఉంటుందని ఒకడు రాత్రివేళ పెద్ద పట్టణంలో జనం ఉన్న ఇంటికి నిప్పు పెట్టాడు, ఒకరు చనిపోయారు. చంపాలని అతను అనుకోలేదు, చనిపోయినందుకు బాధపడి కూడా ఉండవచ్చు. అయినా ఎవరైనా చనిపోవచ్చని తెలిసి ఉంటే ఆ చావు అతను వాలంటరిలీ కలిగించినదే. తీవ్రగాయం విషయంలో ఇంకా కట్టుదిట్టం. తగిలిన దెబ్బ గ్రీవస్ కావాలి, కొట్టినవాడు గ్రీవస్ దెబ్బను ఉద్దేశించి ఉండాలి, లేదా తగిలే అవకాశం ఉందని తెలిసి ఉండాలి. రెండూ ఉంటేనే నేరం పూర్తవుతుంది. ముఖం వికృతం చేయాలని కొడితే ముఖం బాగానే ఉండి, పదిహేను రోజుల నొప్పి మిగిలినా తప్పించుకోలేడు, ఒక రకం ఉద్దేశించి మరో రకం కలిగించినా చాలు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. మామూలు హర్ట్ కలిగిస్తే సంహిత 115(2) కింద ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. అది నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి వీల్లేదు. స్టేషనుకు వెళ్తే 'కోర్టుకు వెళ్లండి' అంటున్నారని జనం వాపోయేది చాలావరకు ఇందుకే. గ్రీవస్ అయితే 117(2), ఏడేళ్ల వరకు జైలు, జరిమానా, అదీ కాగ్నిజబుల్. కత్తి, నిప్పు, విషం లాంటి ప్రమాదకర సాధనంతో తీవ్రగాయం చేస్తే 118(2), కనీసం ఏడాది నుంచి పదేళ్లు, లేదా యావజ్జీవం. శాశ్వత వైకల్యం గానీ, స్పృహలేని జీవచ్ఛవ స్థితి గానీ వస్తే 117(3) కింద పదేళ్లకు తగ్గని కఠిన శిక్ష. ఇది పాత చట్టంలో లేని కొత్త ఏర్పాటు, చాలా ఆలస్యంగా వచ్చిన మంచి ఏర్పాటు. మరో కొసన 33వ సెక్షన్ ఉంది. మామూలు బుద్ధి, మామూలు ఓర్పు ఉన్న మనిషి ఫిర్యాదు చేయడానికి కూడా తలపెట్టనంత స్వల్పమైన హాని నేరమే కాదంటుంది. బస్సులో కాలు తొక్కితే కేసు పెట్టలేం.

రోడ్డు ప్రమాదాల్లో ఈ గీత మరీ పదును తేలుతుంది. పదహారో నంబరు జాతీయ రహదారి విశాఖ నడిబొడ్డు నుంచి పోతుంది. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ అన్నీ దాని మీదివే. గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోయి, దాని నంబరు కూడా దొరకలేదనుకోండి. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి యాభై వేలు వస్తాయి. 'తీవ్రంగా' అంటే మళ్లీ శిక్షాస్మృతి లెక్కే, ఆ చట్టమే అలా చెప్పింది. సింపుల్ అని రాసి ఉంటే ఈ పథకంలో రూపాయి రాదు. దరఖాస్తు ఆర్డీఓ లేదా తహసీల్దారు స్థాయి అధికారికి చేయాలి, మంజూరు చేసేది జిల్లా కలెక్టరు. ఈ పథకం ఉందని తెలియక వదిలేసుకునే కుటుంబాలను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి ఆ సర్టిఫికెట్టును జాగ్రత్తగా చదవాలి. అందులో ఒక్కో గాయానికి ఒక్కో వరస ఉంటుంది: ఒంటి మీద ఎక్కడ, పొడవు వెడల్పు ఎంత, గాటా, నలుగుడా, గీరుడా, ఎలాంటి వస్తువు వల్ల తగిలి ఉండవచ్చు, ఎంతసేపటి క్రితం, సింపులా గ్రీవసా. ఎక్స్‌రే రాకముందు చాలామంది డాక్టర్లు చివరి గడిలో అభిప్రాయం వాయిదా వేసినట్టు రాస్తారు. అది సరైన పద్ధతే. చిక్కల్లా, ఎక్స్‌రే వచ్చాక తుది అభిప్రాయం రాయించుకోవడం ఎవరూ పట్టించుకోకపోవడం. ఇంకో సంగతి. డాక్టరు రాసేది అభిప్రాయం మాత్రమే. గ్రీవసా కాదా అని తేల్చేది కోర్టు, డాక్టరు సాక్ష్యం, రేడియాలజిస్టు నివేదిక, బాధితుడి మాట అన్నీ చూసి. ఫిల్ము లేకుండా, తీసినవారి సాక్ష్యం లేకుండా నోటిమాటగా ఫ్రాక్చర్ అంటే కోర్టులో నిలబడటం కష్టం. చికిత్సకు మాత్రం ఈ కాగితాలేవీ అడ్డు కాకూడదు. గాయపడినవాడికి ముందు వైద్యం, తరువాతే పోలీసు లాంఛనాలని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు ప్రతి డాక్టరుకూ, ప్రభుత్వ ఆస్పత్రయినా ప్రైవేటయినా, బాధ్యతగా విధించింది.

మొదట సింపుల్ అని రాసి, వారం తరువాత ఎక్స్‌రేలో పగులు బయటపడితే కేసు అక్కడితో ముగిసిపోదు. ఆ నివేదికనూ, తుది అభిప్రాయాన్నీ దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. ఆయన సెక్షన్ మార్చమంటూ కోర్టుకు ఆల్టరేషన్ మెమో పెడతారు. ఎనిమిదో రకం కింద అడగదలిస్తే డిశ్చార్జి అయ్యాక కూడా మానకుండా ఓపీకి వెళ్లి, నొప్పి ఎలా ఉంది, పని చేయగలుగుతున్నారా అన్నది చీటీ మీద తేదీతో రాయించుకోవాలి. కూలి పనివాళ్లయితే ఏ రోజు నుంచి ఏ రోజు దాకా పనికి రాలేదో మేస్త్రీ చేతో, యజమాని చేతో రాయించుకుని చీటీలతో పాటు దాచిపెట్టుకోవాలి. పదిహేనో రోజు దాటిన తరువాత తీసుకున్న చీటీ ఒకటైనా ఆ కట్టలో ఉండాలి.